వర్డ్‌ప్రెస్ అడ్మిన్ మెనూని మీ పనికి తగ్గట్టు సర్దుకోవడం ఎలా?

కొత్తగా పెట్టిన వర్డ్‌ప్రెస్ బ్లాగులో ఎడమవైపు మెనూ పొందిగ్గా ఉంటుంది. డ్యాష్‌బోర్డ్, పోస్ట్స్, మీడియా, పేజెస్, కామెంట్స్, అపియరెన్స్, ప్లగిన్స్, యూజర్స్, టూల్స్, సెట్టింగ్స్... లెక్కపెడితే పది. ఆ తర్వాత ఎస్‌ఈఓకి (వెతుకులాట ఫలితాల్లో పైకి రావడానికి) ఒక ప్లగిన్, ఫారాలకి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి, పేజీలు త్వరగా తెరుచుకునేలా చేసే క్యాష్‌కి ఇంకొకటి వచ్చి చేరతాయి. వచ్చిన ప్రతిదీ మెనూలో తన జెండా పాతుతుంది. చివరికి కామెంట్స్ ఎక్కడుందో వెతుక్కోవడానికి మౌస్ చక్రం తిప్పాల్సి వస్తుంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే సర్దడం తేలిక. మెనూలోని ప్రతి అంశానికీ వర్డ్‌ప్రెస్ లోపల ఒక స్థానం అంకె ఉంటుంది. పోస్ట్స్‌కి 5, మీడియాకి 10, పేజెస్‌కి 20, కామెంట్స్‌కి 25, అపియరెన్స్‌కి 60, ప్లగిన్స్‌కి 65, యూజర్స్‌కి 70, టూల్స్‌కి 75, సెట్టింగ్స్‌కి 80. ఏ అంకె కావాలో అడిగే స్వేచ్ఛ ప్లగిన్ రాసినవాళ్లది. ఏమీ అడగని ప్లగిన్ సెట్టింగ్స్ తర్వాత, మెనూ అడుగున చేరుతుంది. 2, 3 అంకెలు అడిగే గడుసువి డ్యాష్‌బోర్డ్ పక్కనే కూర్చుంటాయి. అంటే ఈ వరుస మీ అవసరాన్ని చూసి పెట్టింది కాదు. ఎవరు ఏ అంకె అడిగారో దాన్నిబట్టి ఏర్పడింది.

ఒకప్పుడు ఈ మెనూ పేజీ పైభాగాన అడ్డంగా ఉండేది. 2008 డిసెంబర్‌లో వచ్చిన 2.7 వెర్షన్‌తో ఎడమవైపుకి, నిలువుగా మారింది. మౌస్ పెట్టగానే ఉపమెనూ పక్కకి తెరుచుకునే పద్ధతి 2011 డిసెంబర్ నాటి 3.3తో వచ్చింది. అంతకుముందు ఆ ఒక్క సౌకర్యం కోసమే జనం ప్లగిన్లు వేసుకునేవారు. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. మిగిలిందల్లా వరుస, పేర్లు, ఎవరికి ఏది కనిపించాలన్న లెక్క. వీటికి ‘అడ్మిన్ మెనూ ఎడిటర్’ అనే ప్లగిన్ ఉచిత వెర్షన్ చాలు. కింద చెప్పేదంతా దాని గురించే.

1. ముందు కాగితం మీద

ప్లగిన్ వేసే ముందు ఓ వారం మీ పనిని గమనించండి. రోజూ నొక్కేవి ఏవి, వారానికోసారి తెరిచేవి ఏవి, బ్లాగు పెట్టినప్పుడు ఒక్కసారి చూసి మళ్లీ ముట్టనివి ఏవి? మూడు వరుసలుగా రాసుకోండి. మొదటి వరుసలో నాలుగైదుకి మించి ఉండవు. పోస్ట్స్, మీడియా, కామెంట్స్, ఇంకో ఒకటో రెండో. పదీ ముఖ్యమే అనిపిస్తే ఇంకో వారం ఆగండి.

బ్లాగులో మీతోపాటు రాసేవాళ్లుంటే వాళ్లు ఏం వాడతారో కూడా అడిగి రాసుకోండి. ఎందుకంటే ఉచిత వెర్షన్‌లో మీరు పెట్టే వరుసే అందరికీ వర్తిస్తుంది. మనిషికో వరుస ఇవ్వడం ఇందులో కుదరదు.

2. వెనక్కి వచ్చే దారి

మెనూ మార్పులు పోస్టుల జోలికి వెళ్లవు, కాబట్టి రాతలు పోతాయన్న భయం అక్కర్లేదు. ఉన్న ప్రమాదమల్లా ఒకటే: మీకు కావాల్సిన పేజీని మీరే దాచేసుకుని లోపలికి వెళ్లలేకపోవడం. అందుకు రెండు దారులు ముందే గుర్తుపెట్టుకోండి.

మొదటిది రీసెట్ లింకు. మీ సైటు చిరునామా, స్లాష్, డబ్ల్యూపీ-అడ్మిన్, స్లాష్, ప్రశ్న గుర్తు, ‘రీసెట్ అండర్‌స్కోర్ అడ్మిన్ అండర్‌స్కోర్ మెనూ’, ఈక్వల్ గుర్తు, 1 అంకె. మధ్యలో ఖాళీ ఉండకూడదు, అక్షరాలన్నీ ఇంగ్లీషు చిన్నబడివే. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి దీన్ని తెరిస్తే మెనూ మొదట ఉన్నట్టుగా వచ్చేస్తుంది. ఇప్పుడే టైప్ చేసి బుక్‌మార్క్‌గా దాచుకోండి, కానీ తెరవకండి. పని మధ్యలో పొరపాటున నొక్కితే సర్దిందంతా పోతుంది.

రెండోది ఎప్పుడైనా పనిచేసే మోటు పద్ధతి. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోనో ఎఫ్‌టీపీలోనో (సర్వర్‌లోని ఫైళ్లని మీ కంప్యూటర్ నుంచి తెరిచే పద్ధతి) డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్ తెరిచి, ఈ ప్లగిన్ ఫోల్డర్ పేరు చివర ఏదో ఒక అక్షరం చేర్చండి. ఫైలు దొరక్క వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ని ఆపేస్తుంది, పాత మెనూ తిరిగొస్తుంది. అయితే మీ మార్పులు డేటాబేస్‌లో అలాగే ఉంటాయి. పేరు సరిచేసి మళ్లీ యాక్టివేట్ చేస్తే చిక్కు కూడా తిరిగొస్తుంది. ఆ వెంటనే మెనూ ఎడిటర్ తెరిచి తప్పు దిద్దడమో, రీసెట్ లింకు నొక్కడమో చేయాలి.

3. ప్లగిన్ వేయడం

ప్లగిన్స్‌లోకి వెళ్లి కొత్తది చేర్చే పేజీ తెరిచి, వెతికే పెట్టెలో ప్లగిన్ పేరు కొట్టండి. అదే తరహా పేర్లతో ఇంకొన్ని కనిపిస్తాయి, పూర్తి పేరు సరిచూసుకోండి. ‘ఇన్‌స్టాల్ నౌ’, ఆ తర్వాత ‘యాక్టివేట్’. ఇక సెట్టింగ్స్ కింద ‘మెనూ ఎడిటర్’ అని కొత్త అంశం కనిపిస్తుంది.

మెనూలు సర్దే ప్లగిన్ ఇంకొకటి ముందే ఉంటే దాన్ని ఆపేశాకే ఇది వేయండి. రెండూ ఒకే జాబితాని తిరగరాస్తాయి. చివర్న నడిచినదాని మాటే చెల్లుతుంది, మీరు సేవ్ చేసినది కాసేపు కనిపించి కాసేపు మాయమైనట్టు అనిపిస్తుంది.

4. ఎడిటర్ పేజీ

పేజీలో రెండు నిలువు వరుసలుంటాయి. ఎడమ వరుసలో పై స్థాయి మెనూలు. వాటిలో ఒకదాన్ని నొక్కితే కుడి వరుసలో దాని ఉపమెనూలు వస్తాయి. రెండు వరుసలకీ పైన వేర్వేరు చిన్న బటన్లున్నాయి. కట్, కాపీ, పేస్ట్, కొత్త అంశం, గీత, దాచడం, తీసేయడం. ఉపమెనూని కదిలించాలంటే కుడి వరుస పైనున్న బటన్లే వాడాలి. మొదటిసారి చాలామంది ఎడమ బటన్లు నొక్కి మొత్తం మెనూనే కట్ చేస్తుంటారు.

అంశం కుడి చివరనున్న చిన్న బాణం నొక్కితే దాని వివరాలు తెరుచుకుంటాయి. మెనూ పేరు, అది తెరిచే పేజీ, ‘ఎక్స్‌ట్రా కేపబిలిటీ’ కనిపిస్తాయి. ‘షో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నొక్కితే ఐకాన్ లాంటివి మరికొన్ని వస్తాయి. మీరు ముట్టుకోని గడి ఎప్పటిలాగే అసలు విలువనే చూపిస్తుంది.

5. వరుస మార్చడం

పట్టుకుని లాగి వదలడమే. డ్యాష్‌బోర్డ్‌ని పైనే ఉంచి, దాని కింద రోజువారీ గుంపు, ఒక గీత, వారానికోసారివి, ఇంకో గీత, చివర్న సెట్టింగ్స్ తరహావి. గీతలు నిజానికి ఖాళీ జాగాలే, కానీ అవి లేకుండా పదిహేను అంశాలు ఒకే ముద్దలా ఉంటాయి. రెండు చాలు.

చిన్న ప్లగిన్ల పై స్థాయి మెనూలన్నిటినీ ఎక్కడికో తోసేయాలనిపిస్తుంది. ఉచిత వెర్షన్‌లో అంశాన్ని ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి లాగడం కుదరదు, కట్ చేసి పేస్ట్ చేయాలి. ఉదాహరణకి ఒక ప్లగిన్ ఉపమెనూని టూల్స్ కిందికి తేవాలంటే: ఎడమ వరుసలో ఆ ప్లగిన్‌ని నొక్కండి, కుడి వరుసలో కావాల్సిన ఉపమెనూని నొక్కి కుడి వైపు కట్ బటన్ నొక్కండి, ఎడమ వరుసలో టూల్స్‌ని ఎంచుకుని కుడి వైపు పేస్ట్ నొక్కండి.

ఒకేసారి పది కదిలించకండి. రెండు మూడు మార్చి ‘సేవ్ చేంజెస్’ నొక్కి, కదిపిన పేజీలు ఒక్కోటి తెరిచి చూడండి. కొన్ని ప్లగిన్లు తమ పేజీ ఎక్కడుందో చూసుకుని తమ స్టైల్స్, స్క్రిప్ట్‌లు లోడ్ చేస్తాయి. చోటు మారితే ఆ గుర్తింపు తప్పి, పేజీ బట్టలు విప్పినట్టు వట్టి అక్షరాలతో తెరుచుకోవచ్చు, బటన్లు పనిచేయకపోవచ్చు. అలా అయిందంటే ఆ అంశాన్ని దాని పాత మెనూ కిందికే తిప్పండి. రెండు మార్పులే చేసి ఉంటే తప్పు ఏదో వెంటనే తెలుస్తుంది.

6. పేర్లు, ఐకాన్లు

పేరు మార్చేముందు రెండు విషయాలు చూసుకోవాలి. కామెంట్స్ పక్కన ఎర్ర గుండ్రంలో కనిపించే అంకె, ప్లగిన్స్ పక్కన అప్‌డేట్ల సంఖ్య, ఈ రెండూ మెనూ పేరులో భాగంగానే ఉంటాయి. పేరు మార్చి సేవ్ చేశాక ఆ అంకె ఇంకా వస్తోందో లేదో చూడండి. రాకపోతే పేరుని అసలుదానికే మార్చండి. ఆమోదం కోసం ఎదురుచూసే కామెంట్లు కంటికి కనిపించడం అందమైన పేరు కన్నా ముఖ్యం.

రెండోది భాష. వర్డ్‌ప్రెస్‌లో ఎవరి ప్రొఫైల్‌లో వాళ్లు తమ అడ్మిన్ భాష ఎంచుకోవచ్చు. మీరు చేత్తో పెట్టిన పేరు మాత్రం దాన్నిబట్టి మారదు, అందరికీ అదే కనిపిస్తుంది. బృందమంతా తెలుగు చదివేవాళ్లయితే ‘చిత్తుప్రతులు’ అని పెట్టడం హాయిగా ఉంటుంది, లేకపోతే వద్దు. మెనూ వెడల్పు 160 పిక్సెల్స్ మాత్రమే. తెలుగు పేరు కాస్త పొడుగైతే రెండో వరుసలోకి దిగుతుంది, ఒకటి రెండు మాటలకి మించనివ్వకండి.

ఐకాన్లని చాలామంది అలంకారం అనుకుంటారు. బ్రౌజర్ కిటికీ వెడల్పు 960 పిక్సెల్స్‌కి తగ్గగానే వర్డ్‌ప్రెస్ మెనూని తనంతట తానే ముడిచి ఐకాన్లు మాత్రమే చూపిస్తుంది. అప్పుడు నాలుగు ప్లగిన్లకీ అదే పళ్ల చక్రం గుర్తుంటే ఏది ఏదో తెలియదు. రోజూ వాడే వాటికి వేర్వేరు ఐకాన్లు ఎంచుకోండి. వర్డ్‌ప్రెస్‌తో వచ్చే డ్యాషికాన్స్ అనే ఐకాన్లు సరిపోతాయి. సొంత బొమ్మ పెట్టాలంటే 20 పిక్సెల్స్ చదరంలో కూడా గుర్తుపట్టగలిగేది కావాలి.

7. సొంత లింకులు

అసలు లాభం ఇక్కడుంది. పోస్ట్స్ నొక్కి, జాబితా వచ్చాక ‘డ్రాఫ్ట్స్’ నొక్కి, అప్పుడు పని మొదలుపెట్టడం రోజుకి పదిసార్లు చేస్తుంటాం. దాన్ని ఒక్క నొక్కుకి తేవచ్చు.

పోస్ట్స్ జాబితా తెరిచి, పైన ఉన్న ‘డ్రాఫ్ట్స్’ లింకు నొక్కండి. అడ్రస్ బార్‌లో ఇప్పుడున్న చిరునామాలో డబ్ల్యూపీ-అడ్మిన్ స్లాష్ తర్వాతి భాగం మాత్రమే కాపీ చేయండి. అది ‘ఎడిట్ డాట్ పీహెచ్‌పీ’తో మొదలవుతుంది. మెనూ ఎడిటర్‌లో ఎడమ వరుసలో పోస్ట్స్‌ని నొక్కి, కుడి వరుస పైన కొత్త అంశం బటన్ నొక్కండి. వచ్చిన దాన్ని తెరిచి పేరు ఇవ్వండి, ‘టార్గెట్ పేజ్’ దగ్గర కస్టమ్ అన్నది ఎంచుకుని, యూఆర్‌ఎల్ గడిలో కాపీ చేసింది పెట్టండి. దాన్ని లాగి పోస్ట్స్ ఉపమెనూలో పైకి తెచ్చి సేవ్ చేయండి.

పూర్తి చిరునామా ఎందుకు పెట్టకూడదంటే, రేపు సైటుని వేరే డొమైన్‌కి మార్చినా, టెస్ట్ సైటులో చేసి అసలు సైటుకి తెచ్చినా, ఆ లింకు పాత చోటికే తీసుకెళ్తుంది. డబ్ల్యూపీ-అడ్మిన్ తర్వాతి భాగం మాత్రమే ఉంటే సైటు ఎక్కడికి వెళ్తే అక్కడే పనిచేస్తుంది.

ఇదే పద్ధతిలో సమీక్ష కోసం ఎదురుచూసే పోస్టులకి, ఒక్క విభాగం పోస్టులకి, ఆమోదించాల్సిన కామెంట్లకి లింకులు చేసుకోవచ్చు. సూత్రం ఒకటే. జాబితాని మీకు కావాల్సినట్టు వడపోసుకుని అడ్రస్ బార్ చూడటం. చూసే హక్కు లేనివాళ్లు ఈ లింకు నొక్కితే అనుమతి లేదన్న సందేశమే వస్తుంది, లింకు పెట్టినంతమాత్రాన హక్కు రాదు.

8. దాచడం వేరు, తాళం వేయడం వేరు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. దాచే బటన్ నొక్కితే ఆ అంశం మెనూలోంచి పోతుంది. ఉచిత వెర్షన్‌లో అది అందరికీ పోతుంది, అడ్మినిస్ట్రేటర్‌కి కూడా. కానీ పేజీ మాత్రం అక్కడే ఉంటుంది. చిరునామా తెలిసి, హక్కు ఉన్నవాళ్లు నేరుగా టైప్ చేసి తెరవగలరు. కాబట్టి దాచడం అనేది మీరే ఎప్పుడూ వాడని వాటికి మాత్రమే. ఇతరులు ముట్టుకోకూడదన్న పేజీని దాచి నిశ్చింతగా ఉండకండి.

తీసేసే బటన్‌తోనూ పని కాదు. వర్డ్‌ప్రెస్ సొంత మెనూలని డిలీట్ చేసి సేవ్ చేస్తే మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అది బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు.

కొందరికే కనిపించాలంటే ‘ఎక్స్‌ట్రా కేపబిలిటీ’ వాడాలి. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి రోల్‌కీ, అంటే యూజర్‌కి ఇచ్చే హోదాకీ, కొన్ని హక్కులుంటాయి. కంట్రిబ్యూటర్ తన పోస్టు రాయగలడు కానీ ప్రచురించలేడు, బొమ్మలు అప్‌లోడ్ చేయలేడు. ఆథర్ ఆ రెండూ చేయగలడు. ఎడిటర్ ఇతరుల పోస్టులూ పేజీలూ దిద్దగలడు, కామెంట్లు ఆమోదించగలడు. సెట్టింగ్స్ మార్చే ‘మేనేజ్ ఆప్షన్స్’ హక్కు అడ్మినిస్ట్రేటర్‌ది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టూల్స్ మెనూకి వర్డ్‌ప్రెస్ అడిగేది ‘ఎడిట్ పోస్ట్స్’ హక్కు మాత్రమే, అందుకే నిన్న చేరిన కంట్రిబ్యూటర్‌కి కూడా టూల్స్ కనిపిస్తుంది. లోపల అతనికి పనికొచ్చేదేమీ ఉండదు. మెనూ ఎడిటర్ పేజీలో టూల్స్‌ని తెరిచి, ‘ఎక్స్‌ట్రా కేపబిలిటీ’లో ‘మేనేజ్ ఆప్షన్స్’ ఎంచుకోండి. అక్కడితో ఆగకుండా కుడి వరుసలో ‘అవైలబుల్ టూల్స్’కి కూడా అదే పెట్టండి. పై మెనూకి, ఉపమెనూకి హక్కుల లెక్క విడివిడిగా ఉంటుంది. ఒక్కటే మారిస్తే రెండోది పక్కదారిగా మిగిలిపోవచ్చు.

ఉచిత వెర్షన్‌లో ఇది ఒకవైపు మాత్రమే పనిచేస్తుంది. ఉన్న హక్కుని బిగించగలరు, లేని హక్కు ఇవ్వలేరు. ఎడిటర్‌కి విడ్జెట్స్ చూపించాలని ఇక్కడ ఎంత తంటాలు పడినా రాదు. దానికి ఆ రోల్‌కే హక్కు చేర్చాలి, అది రోల్స్ మార్చే ప్లగిన్ పని. రోల్‌వారీగా టిక్కులు పెట్టే సౌకర్యం ఈ ప్లగిన్ డబ్బు కట్టే వెర్షన్‌లో ఉంది. రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురే అయితే దాని అవసరం రాదు.

9. వేరే కళ్లతో చూడటం

అడ్మినిస్ట్రేటర్‌గా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, మీకన్ని హక్కులూ ఉన్నాయి కాబట్టి. యూజర్స్‌లో కంట్రిబ్యూటర్ రోల్‌తో ఒక పరీక్ష ఖాతా, ఎడిటర్ రోల్‌తో ఇంకొకటి చేసుకోండి. బ్రౌజర్‌లో ప్రైవేట్ కిటికీ తెరిచి అందులో వాటితో లాగిన్ అవ్వండి. మామూలు కిటికీలో మీ అడ్మిన్ లాగిన్ అలాగే ఉంటుంది, తప్పు జరిగితే వెంటనే దిద్దవచ్చు.

ఆ ఖాతాలో మూడు పనులు చేయండి. మెనూ ఎలా ఉందో చూడండి. యూజర్స్ బదులు ‘ప్రొఫైల్’ కనిపిస్తే కంగారు పడొద్దు, అడ్మినిస్ట్రేటర్ కానివాళ్లకి అంతే. మీరు తాళం వేసిన పేజీ చిరునామాని అడ్మిన్ కిటికీ నుంచి కాపీ చేసి ఇక్కడ అతికించండి, అనుమతి లేదన్న సందేశం రావాలి. ఆ తర్వాత ఒక పోస్టు మొదలుపెట్టి, సేవ్ చేసి, సమీక్షకి పంపేదాకా వెళ్లండి. ఈ దారిలో ఎక్కడైనా కావాల్సిన అంశం కనిపించకపోతే మీరు ఎక్కువ బిగించారన్నమాట. పరీక్ష అయ్యాక ఆ ఖాతాలని తీసేయండి, లేదా గట్టి పాస్‌వర్డ్ పెట్టి ఉంచండి.

ఫోన్‌లో కూడా ఒకసారి తెరవండి. 782 పిక్సెల్స్ కన్నా చిన్న తెర మీద మెనూ మొత్తం పై మూలన ఉన్న బటన్ వెనక్కి వెళ్తుంది, తెరిస్తే నిలువునా పొడుగ్గా వస్తుంది. మొదటి అయిదూ సరిగ్గా ఎంచుకున్నారో లేదో అక్కడ తేలిపోతుంది.

తర్వాత ఎదురయ్యేవి

కొత్త ప్లగిన్ వేసినప్పుడల్లా దాని మెనూ మీ వరుసని పట్టించుకోకుండా తనకి తోచిన చోట చేరుతుంది. కొత్తది యాక్టివేట్ చేయగానే మెనూ ఎడిటర్‌కి వెళ్లి దాన్ని దాని గుంపులో పెట్టడం అలవాటు చేసుకోండి, అర నిమిషం పని. ఇదే పేజీలో ‘సెట్టింగ్స్’ ట్యాబ్ ఉంది. మెనూ ఎడిటర్‌ని ఎవరు తెరవగలరో అక్కడ నిర్ణయించవచ్చు. మీతోపాటు ఇంకో అడ్మినిస్ట్రేటర్ ఉంటే, ఇద్దరూ చెరోలా సర్దుకోకుండా దాన్ని మీ ఒక్కరికే పరిమితం చేయడం మేలు.

సేవ్ చేసినా పాత మెనూనే కనిపిస్తుంటే ముందు పేజీని రీలోడ్ చేయండి. అప్పటికీ మారకపోతే మిగతా ప్లగిన్లని ఒక్కోటి ఆపి చూడండి, మెనూని తిరగరాసేది ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఆఖరికి ఏదీ తేలకపోతే ఎడిటర్‌లో ‘లోడ్ డిఫాల్ట్ మెనూ’ నొక్కి, సేవ్ చేసి, కాగితం మీది మొదటి వరుస మాత్రమే మళ్లీ సర్దండి. మిగతావి ఎలా ఉన్నా ఆ నాలుగైదూ పైన ఉంటే చాలు.

దాచాల్సింది ఒకటో రెండో అయితే మాత్రం ఇంత ప్లగిన్ అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లోనే ‘రిమూవ్ మెనూ పేజ్’ అనే ఫంక్షన్ ఉంది. చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌ని ముట్టకుండా మార్పులు రాసుకునే అనుబంధ థీమ్) ఫంక్షన్స్ ఫైలులో మూడు నాలుగు లైన్లతో అయిపోతుంది. అదీ దాచడమే తప్ప తాళం కాదు. ఫంక్షన్‌ని నేరుగా రాయకుండా ‘అడ్మిన్ మెనూ’ హుక్‌కి (మెనూ తయారయ్యేటప్పుడు వర్డ్‌ప్రెస్ మన కోడ్‌ని పిలిచే చోటు) కట్టి, ప్రాధాన్యం అంకె 999 లాంటి పెద్దది ఇవ్వండి. లేకపోతే ప్లగిన్లు తమ మెనూలు చేర్చకముందే మీ లైను నడిచిపోయి, తీసేయడానికి అక్కడ ఏమీ దొరకదు.